ఆ ఈకల కిరీటం ఈ నేలది కాదు: మన సాంస్కృతిక కమిటీకి బహిరంగ లేఖ

మన తెలుగు సంఘం సాంస్కృతిక కమిటీ సభ్యులకు నమస్కారం.

ఊరి పేరూ సంఘం పేరూ కావాలనే రాయడం లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో పడమటి వైపు, ఏప్రిల్‌లో కూడా వాకిట్లో మంచు ఎత్తిపోసుకునే మనకి ఎవరి గురించో తెలుసు. మిగతావాళ్ళకి తెలియక్కర్లేదు. కమిటీలో నాకు అన్నయ్య వరస అయ్యేవాళ్ళున్నారు, వదినలున్నారు, నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళూ ఉన్నారు. ఆఫీసు పని అయ్యాక రాత్రి పదకొండు దాకా వాట్సాప్‌లో అందరిచేతా మాటలు పడుతూ, చేతి డబ్బు పెట్టుకుని పనిచేస్తారని తెలుసు. రెండేళ్ళు నేనూ ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే. కాబట్టి ఇంట్లో మనిషి రాసిన ఉత్తరం అనుకుని చదవండి.

మొన్న దసరా, బతుకమ్మ వేడుకలో పిల్లల ఫ్యాన్సీ డ్రెస్ జరిగింది కదా. ఇద్దరు అల్లూరి సీతారామరాజులు, ఒక రుద్రమదేవి, ముగ్గురు చిన్నికృష్ణులు, ఒక చాకలి ఐలమ్మ అయ్యాక ఎనిమిదేళ్ళ బాబు ఒకడు స్టేజీ ఎక్కాడు. తలనిండా రంగురంగుల ఈకలు, వీపు మీదుగా నడుం దాకా వేలాడుతున్నాయి. బుగ్గల మీద లిప్‌స్టిక్ గీతలు. చేతిలో ప్లాస్టిక్ గొడ్డలి. నోటి మీద అరచేత్తో కొట్టుకుంటూ ఊ ఊ అని అరుస్తూ స్టేజీ చుట్టూ రెండు రౌండ్లు తిరిగాడు. యాంకరమ్మ మైకులో "రెడ్ ఇండియన్!" అంది. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. రెండో బహుమతి కూడా ఇచ్చారు.

బాబు తప్పు ఇసుమంతైనా లేదు. వాళ్ళమ్మని కూడా ఏమీ అనలేను. ఆన్‌లైన్‌లో ఇరవై డాలర్లకి దొరికింది, రెండు రోజుల్లో ఇంటికొచ్చింది. అదీకాక పోటీకి మనం పంపిన "ఐడియాలు" జాబితాలోనే ఆ మాట ఉంది. ఆ జాబితా నా హయాం నుంచీ ఉన్నదే, అప్పుడు నేనూ చూసి ఊరుకున్నదే.

కారులో ఇంటికొస్తుంటే ఏడో క్లాసు చదివే మా అమ్మాయి వెనక సీట్లోంచి, "అమ్మా, అది ఇక్కడివాళ్ళది కాదు. సెనెకావాళ్ళ టోపీకి ఒకటే ఈక నిలబడి ఉంటుంది" అంది. స్కూలువాళ్ళు గనోండగన్ తీసుకెళ్ళారట. రోచెస్టర్ దాటి విక్టర్ దగ్గర, ఈ ప్రాంతపు ఆదిమజాతి అయిన సెనెకాల పాత ఊరు ఉండిన గుట్ట అది. 1687లో ఫ్రెంచి సైన్యం వచ్చి ధ్వంసం చేసింది. ఇప్పుడక్కడ వాళ్ళ కళా కేంద్రం ఉంది. పద్నాలుగేళ్ళుగా ఆ హైవే మీద పోతూ వస్తూ ఉన్నాను, మొన్నటి వేసవి దాకా ఒక్కసారి కూడా ఆ మలుపు తిరగలేదు. ఆ వేసవిలోనే అమ్మాయి పోరు పడలేక పండగ ఏదో ఉందంటే వెళ్ళాను, చూశాను, వచ్చాను. చూసిన మనిషినే మళ్ళీ హాల్లో చప్పట్లు కొట్టాను. అందుకే ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

ముందు ఆ టోపీ సంగతి. దాన్ని గుస్తోవే అంటారు. సన్నటి చెక్క బద్దలతో తలకి సరిపడే బుట్టలాంటి చట్రం కట్టి, గుడ్డ చుట్టి, దానిమీద చిన్న చిన్న ఈకలు గుత్తులుగా పరుస్తారు. సెనెకాలతో కలిపి ఇక్కడివాళ్ళు ఆరు జాతులు, ఎవరెవరో చెప్పే గుర్తు నడినెత్తిన నిలిపే పెద్ద గద్ద ఈకలే. మోహాక్‌లకి మూడు నిటారుగా. ఒనైడాలకి రెండు నిటారుగా, ఒకటి పక్కకి వాల్చి. ఒనొండాగాలకి ఒకటి పైకి, ఒకటి కిందికి. కయూగాలకి ఒకటే, ఏటవాలుగా. సెనెకాలకి ఒకటే, నిటారుగా. టస్కరోరాలకి నిలబెట్టే ఈకే ఉండదు, గుత్తులు మాత్రమే. ఎదురొచ్చే మనిషి నెత్తి చూస్తే ఎవరివాడో తెలిసిపోతుంది, మనవాళ్ళు నుదుటి మీద నామం నిలువా అడ్డమా అని చూసి పోల్చుకున్నట్టు. మన బాబు పెట్టుకున్న వేలాడే కిరీటం లకోటా లాంటి పడమటి మైదానాలవాళ్ళది. వెయ్యి మైళ్ళ అవతలిది. అక్కడైనా ఎవరుపడితే వాళ్ళు పెట్టుకోరు, సాధించినవాడికి పెడతారు. కథకళి కిరీటం పెట్టి "ఇదిగో తెలుగువాడు" అంటే మనకెలా ఉంటుందో ఆలోచించండి.

ఈ ఆరు జాతుల సమాఖ్యకి వాళ్ళు చెప్పుకునే పేరు హోదెనొషోనీ. ఇరొక్వాయ్ అన్నది బయటివాళ్ళు పెట్టిన పేరు, ఫ్రెంచివాళ్ళ వల్ల స్థిరపడింది. హోదెనొషోనీ అంటే పొడుగింటివాళ్ళు. ఎల్మ్ చెట్టు బెరడు కప్పిన పొడుగాటి ఇల్లు, నడిమధ్య వరసగా పొయ్యిలు, ఒక్కో పొయ్యికి అటూ ఇటూ చెరో కుటుంబం. దేశాన్ని కూడా అలాంటి ఇల్లుగానే ఊహించుకున్నారు. తూర్పు గుమ్మం కాపలా మోహాక్‌లది, పడమటి గుమ్మం సెనెకాలది, నడింట్లో ఆరకుండా ఉండే నిప్పు ఒనొండాగాలది. ఇప్పటి సిరక్యూస్ పక్కన ఆ ఒనొండాగా ఇప్పటికీ ఉంది, సభ ఇప్పటికీ అక్కడే కూర్చుంటుంది. మొదట జాతులు అయిదే. ఉత్తర కరొలైనాలో యుద్ధంలో చితికిపోయి ఉత్తరాదికి వలసవచ్చిన టస్కరోరాలని 1722 ప్రాంతంలో ఆరోవాళ్ళుగా చేర్చుకున్నారు. మనం బతుకమ్మ ఆడిన హాలు ఆ ఇంటి పడమటి గుమ్మం దగ్గర ఉంది. అందరికంటే ఆలస్యంగా వచ్చిన వలసవాళ్ళం మనం.

ఇక్కడ నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన సంగతి చెప్తాను. మీలో చాలామందికి తెలియదనే నా నమ్మకం.

రోచెస్టర్‌లో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే లాయరు ఉండేవాడు, 1818లో పుట్టాడు. 1844లో ఆల్బనీలో ఒక పుస్తకాల షాపులో ఈలీ పార్కర్ అనే సెనెకా కుర్రాడు తారసపడ్డాడు. టోనావాండా అనే సెనెకా రిజర్వేషన్ (ఆదిమజాతికి మిగిలిన సొంత నేల) నుంచి తమ పెద్దలకి దుబాసీగా వచ్చాడు, పదహారేళ్ళవాడు. ఆ పరిచయంతో మోర్గన్ సెనెకాల ఇళ్ళకి వెళ్ళడం, కూర్చోవడం, రాసుకోవడం మొదలుపెట్టాడు. రాస్తూ రాస్తూ ఒకచోట ఆగిపోయాడు. సెనెకా పిల్లవాడు కన్నతల్లిని నోయే అంటాడు. తల్లి అక్కని, తల్లి చెల్లెల్నీ కూడా నోయే అనే అంటాడు. తండ్రి హానిహ్. తండ్రి అన్నదమ్ములూ హానిహ్‌లే. కానీ తల్లి అన్నదమ్ములకి వేరే మాట, తండ్రి అక్కచెల్లెళ్ళకి ఇంకో మాట. ఇంగ్లీషు మనిషికి ఇది అయోమయం. ఇంతమంది తల్లులేమిటి, ఇంతమంది తండ్రులేమిటి అనుకున్నాడు.

మనకి అయోమయం ఏముంది? పెద్దమ్మ, చిన్నమ్మ. పెదనాన్న, చిన్నాన్న. అమ్మ తోడబుట్టినవాడు మేనమామ, నాన్న తోడబుట్టినది మేనత్త. పెద్దమ్మ పిల్లలు అన్నయ్యా చెల్లీ, మేనత్త పిల్లలు వేరు.

మోర్గన్ ఊరుకోలేదు. రెండొందలకి పైగా చుట్టరికాలతో ఒక పట్టిక అచ్చువేయించి, స్మిత్సోనియన్ సంస్థ సాయంతో దౌత్యవేత్తలకీ మిషనరీలకీ ప్రపంచమంతా పంపించాడు. మద్రాసు వైపు నుంచి తమిళం, తెలుగు, కన్నడం వరసలు ఆయన చేతికొచ్చాయి. పక్కన సెనెకా పట్టిక పెట్టుకుని చూసి నివ్వెరపోయాడు. 1871లో స్మిత్సోనియన్ అచ్చువేసిన ఆయన లావుపాటి గ్రంథంలో మన వరసలూ సెనెకా వరసలూ రెండూ ఉన్నాయి. దీన్నిబట్టి అమెరికా ఆదిమజాతులు ఆసియా నుంచే వచ్చారని ఆయన తేల్చేశాడు. అది తప్పుడు తర్కం. చుట్టరికపు పిలుపులు కలిసినంత మాత్రాన రక్తం కలవక్కర్లేదు. పైగా మనకి మేనమామే మామగారు, మేనత్తే అత్తగారు, బావామరదళ్ళకి పెళ్ళి. వాళ్ళకి ఆ మేనరికం పద్ధతి లేదు. జాతుల్ని మెట్లెక్కించి వీళ్ళు కింద, వాళ్ళు పైన అని మోర్గన్ రాసిన రాతలు ఇంకా చేదు. కొలంబస్ ఒక పొరపాటుతో వీళ్ళని ఇండియన్స్ అన్నాడు, మోర్గన్ ఇంకో పొరపాటుతో ఆ బంధుత్వం ఖాయం చెయ్యబోయాడు. పొరపాట్లు పక్కనపెడితే, నూట యాభై ఏళ్ళ కిందటే మనమూ వాళ్ళూ ఒకే పట్టికలో పక్కపక్కన కూర్చున్నాం. ఆ పట్టిక రాసినాయన సమాధి రోచెస్టర్ మౌంట్ హోప్‌లోనే ఉంది.

ఇప్పుడు మన పిల్లల సంగతి చూడండి. హాల్లో ఉన్న ప్రతి మగమనిషీ అంకుల్, ప్రతి ఆడమనిషీ ఆంటీ. మేనమామా అంకులే, నాన్న ఆఫీసులో పనిచేసే ఆయనా అంకులే. మోర్గన్‌ని నిద్రపోనివ్వని ఆ తేడా మన ఇళ్ళలో ఒక్క తరంలో మాయమైంది. దానికి ఫ్యాన్సీ డ్రెస్ పోటీ మందు అని మనం అనుకుంటున్నాం.

వరస దగ్గర ఆగిపోతే కథ సగమే. పొడుగింట్లో ఇల్లూ పొలమూ పంటా ఆడవాళ్ళవి. పిల్లకి వంశం తల్లి నుంచి వస్తుంది. తాబేలు, ఎలుగుబంటి, తోడేలు లాంటి వంశాలు. సెనెకాల్లో, ఇంకొన్ని జాతుల్లో లేడి, బీవర్, కొంగ లాంటివీ ఉన్నాయి. ఒకే వంశంలో పెళ్ళి కుదరదు, మనకి సగోత్రం కుదరనట్టే. ఎవరైనా పరిచయమైతే మీ వంశమేమిటని అడుగుతారు. తేడా ఎక్కడంటే, మనం నాన్న గోత్రం చెప్తాం, వాళ్ళు అమ్మది చెప్తారు. పెళ్ళయ్యాక మూటాముల్లె సర్దుకుని అత్తారింటికి పోయేది పెళ్ళికొడుకు. మనం ఇల్లరికపుటల్లుడని వెక్కిరిస్తామే, వాళ్ళకి అల్లుళ్ళందరూ ఇల్లరికమే. అప్పగింతల ఏడుపు అసలు ఉండదు, ఆడపిల్ల పుట్టిల్లు వదిలితే కదా. అల్లుడు సరిగ్గా లేకపోతే అతని సామాను గుమ్మం బయట పెట్టేవాళ్ళు, అంతటితో సరి. ఇది చదివి మా ఆయన కాసేపు మాట్లాడలేదు.

సభలో కూర్చునే నాయకుల పదవులు యాభై. ఆ పదవికి మనిషిని ఎంచేది వంశమాత. దారితప్పితే హెచ్చరించేదీ ఆవిడే, మాట వినకపోతే తీసేసేదీ ఆవిడే. నాయకుడి గుస్తోవేకి లేడి కొమ్ములుంటాయి. పదవి తియ్యడాన్ని కొమ్ములు తియ్యడమనే అంటారు. సిరక్యూస్ పక్కన ఫేయెట్‌విల్‌లో ఉండిన మటిల్డా జోస్లిన్ గేజ్ లాంటి ఓటుహక్కు ఉద్యమకారులు, తమకి ఆస్తిహక్కు కూడా సరిగ్గా లేని రోజుల్లో, ఈ ఆడవాళ్ళని చూసి రాశారు, వాదించారు. 1893లో గేజ్‌ని మోహాక్ తోడేలు వంశంలోకి దత్తత తీసుకున్నారు.

పార్కర్ల ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఈలీ తర్వాత పెద్ద ఉద్యోగాలు చేశాడు. 1865లో అమెరికా అంతర్యుద్ధం చివర అప్పమాటక్స్‌లో దక్షిణాది సైన్యం లొంగిపోయిన షరతుల కాగితం ఆయన దస్తూరీలోనే ఉంది. అందరూ ఆయన పేరే చెప్తారు. నాకు ఆయన తోబుట్టువు కారొలైన్ మీద మనసు పోయింది. 1849 ప్రాంతంలో తీసిన ఫోటో ఒకటుంది. అంచులనిండా పూసలు కుట్టిన బట్టలు కట్టుకుని, తను కుట్టిన పనితనాన్ని తనే ఒంటిమీద వేసుకుని నిలబడింది. రాష్ట్ర సంగ్రహాలయం కోసం మోర్గన్ సేకరించిన వస్తువుల్లో ఆ ఇంటివాళ్ళ చేతిపని చాలా ఉంది. 1911లో ఆల్బనీ కాపిటల్ భవనం తగలబడినప్పుడు అందులో ఎక్కువ భాగం బూడిదైపోయింది. మిగిలిన కొన్నిటిని బయటికి లాగినవాళ్ళలో ఆర్థర్ పార్కర్ ఒకడు. ఈలీకీ కారొలైన్‌కీ సొంత అన్న మనవడు. అప్పుడక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. ఆర్థర్ తల్లి సెనెకా కాదు, కాబట్టి వాళ్ళ లెక్కలో పుట్టుకతో అతనికి వంశం లేదు. పెద్దయ్యాక ఎలుగుబంటి వంశంలోకి దత్తత చేసుకున్నారు. తర్వాత రోచెస్టర్ మ్యూజియం డైరెక్టరై, 1935 నుంచి 1941 దాకా, పనుల్లేని ఆ కరువు రోజుల్లో ప్రభుత్వ డబ్బుతో టోనావాండా, కాటరాగస్ రిజర్వేషన్లలో వందమంది దాకా సెనెకా కళాకారులకి కూలి ఇచ్చి పనిచేయించాడు. అయిదువేల దాకా వస్తువులు తయారయ్యాయి. ఎర్నెస్ట్ స్మిత్ వేసిన బొమ్మలు వాటిలోవే. ఆకాశం నుంచి జారిపడిన స్త్రీ, ఆమెని ఆపుకున్న పక్షులు, తాబేలు వీపు మీద పరుచుకున్న నేల, అన్నీ ఆ రంగుల్లో చూడాలి. మనకి భూమిని మోసేది ఆదిశేషుడూ ఆదికూర్మమూ. ఈ బొమ్మ చూపించి మన పిల్లలకి కూర్మావతారం చెప్పి చూడండి, ఎన్ని ప్రశ్నలు వేస్తారో.

ఇంతకీ గనోండగన్ పండగలో నేను చూసింది చెప్పలేదు. చెట్టు కింద టేబుల్ వేసుకుని ఒక టస్కరోరా పెద్దావిడ, డెబ్భై దాటి ఉంటాయి, వెల్వెట్ గుడ్డ మీద పూసలు కుడుతోంది. పక్కన మనవరాలు రంగుల వారీగా పూసలు ఏరి మూతల్లో పోస్తోంది. ఆవిడ దారానికి పూసలు ఎక్కించడం లెక్కపెట్టాను. గీత మీద పది పూసలు పట్టే చోటికి పద్నాలుగు ఎక్కించి, సూదిని అవతలి కొసన దించింది. చోటు చాలక పూసల వరస పొంగి పైకి లేచింది, పూరీ పొంగినట్టు. దానిమీద ఇంకో వరస, ఆపైన ఇంకొకటి. పువ్వు గుడ్డలోంచి బయటికి వచ్చేసింది. వేలితో తాకమంది. గట్టిగా, చల్లగా ఉంది. ఎవరు నేర్పారని అడిగితే అమ్మమ్మ అంది. మనవరాలికి ఎవరు నేర్పుతున్నారో కనిపిస్తూనే ఉంది.

ఆవిడ చూపుడువేలి కొసన సూది పొడిచీ పొడిచీ గట్టిపడిన మచ్చ ఉంది. మా అమ్మమ్మ వేలికీ అలాంటిదే ఉండేది. మాది నరసాపురం పక్క ఊరు. మిషనరీలు నేర్పిన లేసు అల్లిక మా ఇళ్ళలో ఆడవాళ్ళని నిలబెట్టింది. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని వేళ్ళకి దారం చుట్టుకుని అల్లుతూ ఉండేది. అల్లినవి షావుకారు తీసుకెళ్ళేవాడు. మేము ఆ టేబుల్‌క్లాత్‌లు ఎప్పుడూ వాడలేదు, మా ఇంట్లో టేబులే లేదు. దొరసానుల ఇళ్ళకి పోయేవి. టస్కరోరా ఆడవాళ్ళు నయాగరా దగ్గర అమ్మిన గుండుసూదుల దిండ్లు, పూసల పక్షులు, బుల్లి సంచులు కూడా అలాంటివే. బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధంలో అమెరికాకి చేసిన సాయానికి బదులుగా, జలపాతం పక్క భూములున్న పోర్టర్ కుటుంబం వాళ్ళకి అక్కడ అమ్ముకునే హక్కు ఇచ్చిందని చెప్తారు. వంద ఏళ్ళకి పైగా ఆ అమ్మకం మీద సంసారాలు నడిచాయి. చాలాకాలం పండితులు దీన్ని టూరిస్టు సరుకని, అసలైన కళ కాదని పక్కన పెట్టారు. నాకా మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఆకారం దొరసానికి కావలసిందే కావచ్చు. దానిమీద కుట్టిన ఆకాశపు గుమ్మటం, తీగలు, పక్షులు ఎవరివి? అమ్ముడుపోయింది కాబట్టే చెయ్యి మరిచిపోలేదు.

ఒక సిగ్గుపడే పని కూడా ఒప్పుకోవాలి. చిన్న పక్షి లాకెట్ ఒకటి బాగుంది, ఎనభై అయిదు డాలర్లంది. అలవాటుగా "కొంచెం తగ్గిస్తారా" అనేశాను. ఆవిడ నవ్వి, ఎన్ని సాయంత్రాలు పట్టిందో చెప్పింది. నోరు మూసుకుని కొన్నాను. మా అమ్మమ్మ దగ్గర షావుకారు ఆడిన బేరమే నేనూ ఆడాను.

మనలో అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చిన ప్రతిసారీ నయాగరా తీసుకెళ్ళని ఇల్లు లేదు. పడవ ఎక్కిస్తాం, బఫే భోజనం తినిపిస్తాం, ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం కొనిపిస్తాం. టస్కరోరా రిజర్వేషన్ అక్కడికి పది మైళ్ళలోపే ఉంది. జలవిద్యుత్ జలాశయం కోసం వాళ్ళ భూమి సుమారు 550 ఎకరాలు తీసుకున్నారు. వాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, 1960లో ఓడిపోయారు. అయిదేళ్ళకి కిన్జువా ఆనకట్ట కింద సెనెకాల భూమి పదివేల ఎకరాల దాకా మునిగింది, ఆరొందల మంది దాకా ఇళ్ళు వదిలారు. ముంపు అనే మాటకి అర్థం మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. శ్రీశైలం, పోలవరం విన్నవాళ్ళమే.

ఆ భూమి మీద ఒప్పందం 1794 నాటిది, కెనన్‌డేగ్వాలో జార్జి వాషింగ్టన్ ప్రభుత్వం చేసింది. దాని ప్రకారం అమెరికా ప్రభుత్వం ఇప్పటికీ ఏటా బట్ట పంపుతుంది. డబ్బుగా తీసుకోమంటే వాళ్ళు ఒప్పుకోలేదు. బట్ట వస్తున్నంతకాలం ఒప్పందం బతికున్నట్టు లెక్క. ఏటా చీరసారె అందితేనే పుట్టింటి హక్కు ఉన్నట్టని మన ఆడవాళ్ళు అనుకోరూ?

సరే, కమిటీని నేను కోరేది ఏమిటి? ఆ "ఐడియాలు" జాబితాలోంచి రెడ్ ఇండియన్ అన్న మాట ఈ వారమే తీసెయ్యండి. దీనికి మీటింగు కూడా అక్కర్లేదు. దాని బదులు కార్యక్రమం మొదట్లో ఈ నేల ఫలానావాళ్ళదని ఒక చీటీ చదివేసి చేతులు దులుపుకుందామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. ముప్పై సెకన్లలో గుక్కతిప్పుకోకుండా చదివి, వెంటనే "ఇప్పుడు మన ఊ అంటావా డాన్స్" అంటే చదవకపోవడమే మేలు.

సంక్రాంతికి ఎవరినైనా పిలుద్దాం. పూసలు కుట్టేవాళ్ళనో, కథ చెప్పేవాళ్ళనో, మొక్కజొన్న పొత్తు ఆకులతో బొమ్మలు చేసేవాళ్ళనో. ఆ బొమ్మలకి ముఖం ఉండదు, ఎందుకు ఉండదో ఒక కథ ఉంది. అది వాళ్ళ నోటే వింటే బాగుంటుంది. మన బొమ్మలకొలువు పక్కనే వాళ్ళకి టేబుల్ వేద్దాం. పిలిస్తే డబ్బిచ్చి పిలవాలి. హైదరాబాద్ నుంచి వచ్చే సింగర్‌కి విమానం టికెట్, హోటల్, పారితోషికం ఇస్తాం. అరగంట దూరం నుంచి వచ్చే మనిషిని "ఎక్స్‌పోజర్ వస్తుంది కదా" అని ఉచితంగా రమ్మనొద్దు. వాళ్ళ కర్రముసుగులు చూపించమనీ, పిల్లలచేత అట్టతో ముసుగులు చేయిద్దామనీ మాత్రం ఎవరూ అడగకండి. అవి మందుకీ పూజకీ సంబంధించినవి. అమ్మొద్దు, ప్రదర్శించొద్దు, నకళ్ళు చెయ్యొద్దని వాళ్ళ పెద్దసభే చెప్పింది. గర్భగుడిలో ఫోటోలు తియ్యొద్దంటే మనం ఊరుకుంటాం కదా, అలాగే అనుకోండి. వాంపం పట్టీలూ అంతే. గవ్వపూసలతో నేసిన నడుంపట్టీలని మ్యూజియంవాళ్ళు అనుకున్నారు, వాళ్ళకి అవి దస్తావేజులు. ఏళ్ళ తరబడి అడిగితే 1989లో రాష్ట్ర మ్యూజియం పన్నెండు పట్టీలు ఒనొండాగాలకి తిరిగి ఇచ్చింది.

ఇంకొకటి, ఇది మన ఆదివారం తెలుగు బడి టీచర్లకి కూడా. సెయింట్ లారెన్స్ నది ఒడ్డున అక్వెసాస్నేలో మోహాక్ తల్లిదండ్రులు 1979లో సొంతంగా బడి పెట్టుకున్నారు. చిన్న తరగతుల పాఠాలు మోహాక్‌లోనే. అంతకుముందు తరాల పిల్లల్ని ఇళ్ళనుంచి తీసుకెళ్ళి బోర్డింగ్ బడుల్లో పెట్టి, నోయేలకీ అమ్మమ్మలకీ దూరం చేసి, భాషని చాలావరకు ఊడ్చేశారు. కాటరాగస్‌లో సెనెకా నేల మీదే ఉన్న అలాంటి బడి 1957 దాకా నడిచింది. అక్వెసాస్నే బడికి డబ్బు కోసం ఇళ్ళలో బొంతలు కుడతారు, ఏటా వేలం వేస్తారు. మన దగ్గర స్పాన్సర్ బ్యానర్ ఎంత పెద్దగా వెయ్యాలన్న దాని మీద రెండు గంటలు గొడవపడ్డాం, గుర్తుందా?

కాస్ట్యూమ్ అద్దెలకి పెట్టే డబ్బు కొంత తగ్గించి, ఒక గంట పిల్లలకి వరసల పట్టిక ఆడిద్దాం. ఎడమవైపు అమ్మ, అమ్మ అక్క, అమ్మ తమ్ముడు, నాన్న చెల్లి. కుడివైపు తెలుగు మాట రాయాలి, ఆ పక్కన వాళ్ళ ఇంట్లో ఆ మనిషి పేరు. రాయలేనివాళ్ళు అక్కడే ఇండియాకి ఫోన్ చేసి అడగొచ్చు. చివర సెనెకా గడి తెరుద్దాం. ప్రింట్లు నేను తెస్తాను.

ఈ ఉత్తరం పంపేముందు ఆ బాబు వాళ్ళమ్మకి చదివి వినిపించి, ఆవిడ సరేనన్నాకే పంపుతున్నాను. బాబు స్కూల్లో లక్రాస్ (వల కట్టిన కర్రలతో ఆడే బంతాట) ఆడతాడు. ఆ ఆట వీళ్ళదేననీ, హికరీ కర్రని వంచి చేసిన స్టిక్ ఇక్కడ మగపిల్లాడికి ఉయ్యాలనాడే చేతికిస్తారనీ, వాళ్ళ టీమ్ అమెరికా జెండా కింద కాక సొంత జెండా కింద ఆడుతుందనీ చెప్పాను. 2010లో సొంత పాస్‌పోర్టుల మీదే ప్రయాణం చేస్తామని పట్టుబట్టి, ఇంగ్లండ్ వీసాలు ఇవ్వకపోతే ప్రపంచ పోటీలే వదులుకున్నారని కూడా చెప్పాను. వాడు ఫోన్ లాక్కుని రెండే అడిగాడు: వాళ్ళ మ్యాచ్ ఎప్పుడు, అక్కడికి కారులో వెళ్ళొచ్చా. వెళ్ళే ఓపిక ఉన్నవాళ్ళు చెప్పండి, నా వ్యానులో నాలుగు సీట్లు ఖాళీ ఉన్నాయి.

ఇట్లు,
మీ పాత కమిటీ సభ్యురాలు